కారు ఆంప్లిఫయరు: తీగలలోని దోషములను కనుగొను విధము

మన పాఠశాలకు బిడ్డలను దింపుటకు వచ్చు కారులలో నేడు పెక్కింటి డిక్కీలో ఆంప్లిఫయరు ఒకటి, దాని ప్రక్కన మంద్రధ్వనిని పలుకు పెద్ద స్పీకరు పెట్టె ఒకటి కానవచ్చుచున్నవి. వీనిలో అధికభాగము కారుతో వచ్చినవి కావు. బండి కొన్న పిదప, ఇంటిలోని యువకుల కోరికపై, అంగడిలో పెట్టించినవి. కొన్ని నెలలు గడచునప్పటికి ఫిర్యాదులు మొదలగును. ఒక బండిలో పాట నడుమ ఆగిపోవును. ఒకదానిలో ధ్వని హెచ్చించినంతనే దీపము ఆరి మరల వెలుగుచుండును. ఇంకొకదానిలో ఇంజను వేగముతో పాటు పెరుగుచు తగ్గుచు ఈలవంటి రొద వినబడును. మఱియొకటి ఉదయమున స్టార్టు కాదు. అంగడిలో వీనికన్నిటికిని ఒకే మందు చెప్పుదురు: ఆంప్లిఫయరు పోయినది, క్రొత్తది వేయవలెను.

ఆ మాట కొన్నివేళల నిజమే. కాని తఱచుగా దోషము ఆ పెట్టెలో ఉండదు. పెట్టెకు విద్యుత్తును తెచ్చు తీగలోనో, తీగ చివర నున్న మరలోనో ఉండును. వేలు పోసి పెట్టె మార్చినను, అదే తీగకు, అదే మరకు తగిలించినందున నెల తిరుగక ముందే పాత వ్యాధి మరల కనబడును.

ఈ విషయమును తలిదండ్రుల కొఱకు వ్రాయుటకు ధనవ్యయ మొక్కటియే కారణము కాదు. బ్యాటరీ నుండి డిక్కీకి పోవు ఎఱ్ఱతీగ తివాచీ క్రింద, తలుపు గడప వెంబడి, మన బిడ్డలు బూట్లు మోపు చోటనే పోవుచున్నది. దానికి తగిన ఫ్యూజు తగినచోట లేనియెడల ఆ తీగయే నిప్పుకు దారి యగును. పాట లేకున్నను బండి నడచును గాని, తీగ కాలినచో ఆ బండిలో కూర్చున్నవారు ఎవరన్నది ఆలోచింపవలెను.

మొదట ఒక సామాన్యమైన లెక్క చూతము. 400 వాట్ల ధ్వనిని నిజముగా ఇచ్చు ఆంప్లిఫయరు, నూటికి 80 పాళ్లు సామర్థ్యము కలదైనచో, 500 వాట్లు లోనికి తీసికొనును. అదే 500 వాట్ల పరికరము మన ఇంటిలో 230 వోల్టులపై పనిచేయునప్పుడు దాని తీగలో ప్రవహించునది రెండు ఆంపియర్లకు కొంచెము పైమాట. కారులోనో 12.5 వోల్టుల లెక్కను 40 ఆంపియర్లు ప్రవహింపవలెను. పని ఒక్కటియే, ప్రవాహము పదునెనిమిది రెట్లు. ఇంటికి వైరింగు చేయగా మిగిలిన తీగను కారునకు వేసి, ‘ఇంట మిక్సీని, ఇస్త్రీపెట్టెను మోసిన తీగ ఈ చిన్న పెట్టెను మోయదా?’ అనుకొనువారు మఱచునది ఈ సంగతినే. పాట అన్నివేళల ఇంత ప్రవాహమును లాగదు. మద్దెల దెబ్బ పడినప్పుడు లాగును. కాని తీగను ఆ దెబ్బకు తగినట్లే ఎన్నుకొనవలెను.

కారులోని 12 వోల్టులు ధ్వనికి చాలకపోవుటయే ఆంప్లిఫయరునకు జన్మకారణము. నాలుగు ఓముల స్పీకరును ఆ పీడనముతో నేరుగా ఎంత నేర్పుతో నడిపినను ఇరువది వాట్లకు మించి రాబట్టుట కష్టము. కావున పెట్టెలో మొదటిభాగము 12 వోల్టులను అత్యంతవేగముగా ఆపుచు, విడుచుచు, చిన్న ట్రాన్స్‌ఫార్మరు ద్వారా ముప్పది నలువది వోల్టులకు పెంచును. రెండవభాగము ఆ పీడనముతో స్పీకరును నడుపును. ఇది క్రొత్త ఊహ కాదు. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరుల సంస్థ మోటరోలా అను పేర కారు రేడియోను అమ్మకమునకు తెచ్చిన తరువాతి కాలమున, వాల్వు రేడియోలకు వలయు హెచ్చు వోల్టేజిని పుట్టించుటకు వైబ్రేటరు అను కదలెడి మీటను వాడిరి. అది గుయ్యిమనుచు సెకనుకు నూరుసార్లకు పైగా కొట్టుకొనెడిది. ఆ మీట చేసిన పనినే నేడు ట్రాన్సిస్టరు, చప్పుడు లేక, సెకనుకు వేలసార్లు చేయుచున్నది. ఫ్యూజులు పోవుటలో ఈ ట్రాన్సిస్టరుల పాత్ర యేమో ముందు చెప్పుదును.

పెట్టెకు విద్యుత్తు విషయమున మూడు మరలు ముఖ్యము. ఒకటి బ్యాటరీ ధనధ్రువము నుండి వచ్చు ఎఱ్ఱతీగకు. రెండవది కారు ఇనుపదేహమునకు బిగించు నల్లతీగకు. దీనిని మెకానిక్కులందఱు ఎర్తు అనియే అందురు గనుక నేనును ఆ మాటనే వాడుదును. మూడవది రిమోటు. ఇది సన్ననిది, తఱచు నీలిరంగుపై తెల్లచార కలిగియుండును. రేడియో వేసినప్పుడు దీనిలోనికి 12 వోల్టులు వచ్చి ‘మేలుకొనుము’ అని ఆంప్లిఫయరునకు చెప్పును. రేడియో ఆపినప్పుడు ఆ వోల్టులు పోయి పెట్టె నిద్రించును. ఈ మూటిలో ఏది చెడినను పాట రాదు. కాని మూడు చెడు విధములు వేఱు.

పరీక్షకు కావలసినది ఒక సామాన్యమైన డిజిటల్ మీటరు, ఐదు మీటర్ల సన్ననితీగ, కాగితము, పెన్సిలు. బండిని ఆరుబయట నిలుపుడు; మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు, పొగలోని విషవాయువు ప్రాణాపాయకరము. ఉంగరములు, గడియారపు లోహపు పట్టీ తీసివేయుడు. ఏ తీగనైనను విప్పవలసినచో మొదట బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పి, పని ముగిసిన పిదప దానిని చివర తగిలింపవలెను. ఎందుకనగా స్పానరు ధనధ్రువమును, కారు దేహమును ఒకేసారి తాకినను అప్పుడు మంట పుట్టదు. పసుపుపచ్చని తొడుగుగల తీగలు కనబడినచో వానిని తాకవలదు. అవి సాధారణముగా ఎయిర్‌బ్యాగులకు సంబంధించినవి. విద్యుత్కారులలోను, హైబ్రిడ్ కారులలోను నారింజరంగు తీగలు వందల వోల్టులు మోయునవి. వాని జోలికి పోరాదు. అట్టి కారులలోను ఆంప్లిఫయరు తగిలించునది వేఱుగా నుండు 12 వోల్టుల బ్యాటరీకే.

ఇక అంగడిలో సాధారణముగా జరుగు పరీక్ష ఎట్టిదో చూడుడు. పాట ఆపి, మీటరు మొనలను పెట్టె మరలపై ఉంచుదురు, 12.6 అని చూపును. ‘కరెంటు బాగున్నది, పెట్టెయే పోయినది’ అని తీర్పు చెప్పుదురు. ఈ తీర్పు తప్పు. మీటరు తనకై లాగుకొను ప్రవాహము దాదాపు శూన్యము. తీగలో నూరు పోగులుండి తొంబది తొమ్మిది తెగిపోయి ఒక్క పోగు మిగిలినను, మీటరునకు కావలసిన ఆ లేశమాత్రము ఒక్కపోగు గుండ వచ్చును, అంకె 12.6 గానే కనబడును. బరువు ఎత్తనంతవఱకు బలహీనుడును బలవంతునివలెనే నిలుచును గదా. కాబట్టి ప్రతి కొలతయు పాట గట్టిగా పలుకుచుండగనే తీయవలెను. ఓములు కొలుచు మీటతో నిరోధమును చూతమన్నను లాభము లేదు. మనము వెదకుచున్న దోషము ఒక ఓములో ఇరువదవ వంతు. మీటరుతో వచ్చు తీగలకే అంతకంటె హెచ్చు నిరోధముండును.

నిరోధమును నేరుగా కొలువలేనప్పుడు దాని పనిని బట్టి దానిని పట్టుకొనవలెను. మన పిల్లలు పదవ తరగతిలో చదువు ఓమ్ నియమము ఇందులకే ఉపకరించును. గెయోర్గ్ ఓమ్ తాళములు చేయువాని కుమారుడు; జర్మనీలోని కొలోన్ నగరమున బడిపంతులు. అతడు 1827లో ఈ నియమమును ప్రకటించినప్పుడు స్వదేశమున అతనికి దక్కిన గౌరవము స్వల్పము. లండనులోని రాయల్ సొసైటీవారు 1841లో కోప్లే పతకము నిచ్చిరి. అతడు చెప్పినది ఇంతే: ప్రవాహమును నిరోధముచే గుణించినచో అక్కడ నష్టమగు వోల్టులు వచ్చును. 40 ఆంపియర్లు పోవు దారిలో ఓములో ఇరువదవ వంతు, అనగా 0.05 ఓము, అడ్డుపడినచో 2 వోల్టులు అక్కడనే నష్టమగును. ఓమును చూడలేని మీటరు 2 వోల్టులను స్పష్టముగా చూపును.

కొలత లిట్లు తీయవలెను. ఇంజను నడుచుచుండగా, పాట హెచ్చుగా పలుకుచుండగా, మొదట బ్యాటరీ రెండు ధ్రువముల నడుమ కొలిచి వ్రాసికొనుడు. రెండవది పెట్టె యొక్క ఎఱ్ఱమరకు, ఎర్తు మరకు నడుమ. మూడవది బ్యాటరీ ధనధ్రువము నుండి పెట్టె ఎఱ్ఱమర వఱకు. నాల్గవది బ్యాటరీ ఋణధ్రువము నుండి పెట్టె ఎర్తు మర వఱకు. ఈ కడపటి రెంటికి మీటరు తీగ చాలదు గనుక ఐదు మీటర్ల సన్ననితీగను జోడింపవలెను. అది ఎంత సన్ననిదైనను కొలత చెడదు. మీటరు లాగు ప్రవాహము మిక్కిలి స్వల్పమని ఇంతకుముందే చెప్పితిని. బ్యాటరీ ధనధ్రువమునకు తగిలించిన ఆ తీగ రెండవకొన పొరపాటున కారు దేహమును తాకినచో కాలిపోవును గనుక, ఆ కొనను చేతనుండి విడువరాదు. ఒకరు పాటను హెచ్చుతగ్గులు చేయుచుండగా ఇంకొకరు అంకెలు చదువుట మేలు. హైస్కూలు చదువు పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొన్నచో అతనికిని పాఠమగును.

ఒక కారులో వచ్చిన అంకెలను ఉదాహరణగా చెప్పుదును. బ్యాటరీ వద్ద 13.8 వోల్టులు; ఇంజను నడుచునప్పుడు ఇది ఉండదగినదే. పెట్టె వద్ద 11.3 మాత్రమే. అనగా 2.5 వోల్టులు దారిలో పోయినవి. ఎఱ్ఱతీగ వెంబడి కొలువగా 0.5, ఎర్తు వెంబడి కొలువగా 2.0. రెండును కలిపిన 2.5 సరిపోయినది. ఈ కూడిక సరిపోవుటయే కొలతలు సరిగా తీసితిమనుటకు నిదర్శనము. ఎఱ్ఱతీగ కొంత చిక్కినదైనను నేరము చేసినది ఎర్తు. విప్పిచూడగా ఎర్తుతీగ డిక్కీనేలపై రంగు గీకకయే ఒక చిన్న రేకుమరతో బిగింపబడియుండెను. రంగు విద్యుత్తును పోనీయదు. మర అంచు మాత్రమే ఇనుమును తాకుచుండెను. ఆ బండియజమాని అప్పటికి ఒక ఆంప్లిఫయరును మార్చియుండెను. పాతపెట్టెకు ఏ రోగమును లేదు.

ఆ పెట్టె ఆరి వెలుగుటకు కారణమును ఇప్పుడు చెప్పవచ్చును. మీటరు చూపునది సగటు. మద్దెల దెబ్బ పడిన క్షణమున వోల్టేజి ఇంకను క్రిందికి కుంగును. 10 వోల్టుల ప్రాంతమునకు కుంగినప్పుడు అనేక ఆంప్లిఫయరులు తమ్ము తాము కాపాడుకొనుటకై ఆగిపోవును. ఆగిన వెంటనే ప్రవాహము లేదు గనుక నష్టమును లేదు. వోల్టేజి పైకి లేచును. పెట్టె మరల మేలుకొనును. మరల దెబ్బ పడును. చూచువారికి పెట్టె పిచ్చియెత్తినట్లు తోచును.

రెండు వోల్టుల నష్టము పాటకు మాత్రమే సంబంధించినది కాదు. 40 ఆంపియర్లు, 2 వోల్టులు కలిసి 80 వాట్ల వేడి యగును. రేడియో రిపేరు బల్లలపై సాధారణముగా కనబడు సోల్డరింగు ఐరను 25 వాట్లది. అట్టివి మూడు ఒకే మరపై ఉంచినంత వేడి, తివాచీ క్రింద, డిక్కీలోని అట్టలకు, గుడ్డలకు ఆనియున్న చోట పుట్టుచున్నదని భావింపుడు. పాట ఆపిన పిదప ఐదునిమిషముల తరువాత ఫ్యూజు గూటిని, తీగ చివరలను వ్రేలితో తాకి చూచుట మంచి యలవాటు. తీగ మధ్యభాగము చల్లగా నుండి చివర మాత్రము వేడిగా నున్నచో దోషము ఆ చివరనే యున్నది.

మంచి ఎర్తునకు విధానము కఠినమైనది కాదు. తీగ ఎఱ్ఱతీగ యంత లావుది, అరమీటరుకు మించని పొడవుది కావలెను. చట్రములోని దళసరి ఇనుమును ఎన్నుకొని, రూపాయి బిళ్ళంత మేర రంగును మెఱయునట్లు గీకి, తీగకు గట్టిగా నొక్కిన ఉంగరపు లగ్గును పెట్టి, బోల్టు నట్టుతో పండ్లవాషరు వేసి బిగింపవలెను. పిదప తుప్పు పట్టకుండ పైన రంగు పూయవలెను. యానాములోను, బరంపురము ప్రాంతమునను ఉండు మనవారికి సముద్రపుగాలి తగులును గనుక ఈ కడపటిపనిని మఱవరాదు. అట్టిచోట్ల గీకిన ఇనుము ఒక వానకాలము కూడ ఆగదు. సీటుబెల్టు బోల్టు దగ్గరలో దొరకినదని దాని క్రింద ఎర్తు బిగించుట మిక్కిలి దోషము. ఆ బోల్టు ప్రాణములను పట్టియుంచుటకు ఏర్పడినది. నేటి కొన్ని కారులలో బ్యాటరీ ఋణధ్రువముపై ప్రవాహమును లెక్కించు చిన్న పెట్టె యుండును. ఎర్తును ఆ ధ్రువమునకే నేరుగా తగిలించినచో దాని లెక్క తప్పును. కారు దేహమునకు తగిలించుటయే సరి.

ఎర్తు తరువాత ఎఱ్ఱతీగ. బ్యాటరీ నుండి డిక్కీకి నాలుగున్నర మీటర్లు పట్టుననుకొందము. 8 చదరపు మిల్లీమీటర్ల శుద్ధమైన రాగితీగకు ఆ పొడవున ఓములో నూరవవంతు నిరోధముండును. 40 ఆంపియర్ల వద్ద నష్టము 0.4 వోల్టు. ఇది సహింపదగినదే. ఇంటి ప్లగ్గులకు వేయు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో నష్టము 1.2 వోల్టులు దాటును, తీగయందు 50 వాట్ల వేడి పుట్టును. ఇచ్చట ఒక మోసము కలదు. అంగళ్లలో చౌకగా దొరకు ‘ఆంప్లిఫయరు కిట్టు’ తీగలలో పెక్కు పైకి రాగివలె కనబడినను లోపల అల్యూమినియమే. దాని నిరోధము రాగికంటె సుమారు ఒకటిన్నర రెట్లు. అంతకంటె చెడ్డవానిలో ప్లాస్టిక్ తొడుగే లావుగా నుండి లోపలి లోహము సన్నముగా నుండును. పైలావు చూచి మోసపోరాదు. కొనుటకు ముందు ఒక పోగును కత్తితో గీకి చూచినచో లోపల తెలుపు కనబడినది అల్యూమినియమనియు, ఎఱుపే కనబడినది రాగియనియు తెలియును.

ఇప్పుడు ఫ్యూజును గుఱించి. ఫ్యూజు ఆంప్లిఫయరును కాపాడుటకు ఉన్నదని మనవారిలో పెక్కుర నమ్మకము. పెట్టెకు దాని స్వంతఫ్యూజులు దానికే ఉండును. బ్యాటరీ వద్ద నుండవలసిన ఫ్యూజు కాపాడునది తీగను. ఇంజనుగది నుండి కారు లోపలికి ఇనుపగోడలోని రంధ్రము గుండ ఎఱ్ఱతీగ వచ్చును. ఆ రంధ్రమునకు రబ్బరు కంకణము లేనిచో గతుకుల బాటపై తీగ తొడుగు దినదినము కోయబడి, ఒకనాటికి రాగి ఇనుమును తాకును. అప్పుడు బ్యాటరీ కొన్ని వందల ఆంపియర్లను విడుచును. పెట్టెలోని ఫ్యూజు ఆ తాకిన చోటునకు అవతల నున్నది గనుక దానికి సంగతియే తెలియదు. తీగ ఎఱ్ఱగా కాగి తివాచీని అంటుకొనును. బ్యాటరీ నుండి ఒకటిన్నర అడుగులోపల ఫ్యూజు ఉండవలెననుట ఇందుకే. ఫ్యూజుకు ముందున్న తీగకు రక్షణ లేదు గనుక ఆ ముక్క ఎంత పొట్టిదైన అంత మేలు. పైని చెప్పిన 8 చదరపు మిల్లీమీటర్ల రాగితీగకు 50 ఆంపియర్ల ఫ్యూజు తగియున్నది. తీగ సన్నమైనచో ఫ్యూజును తగ్గింపవలెనే గాని పెట్టె కోరినదని పెంచరాదు. ఈ వ్యాసములో ఒక్క పనియే చేయుదమనుకొనువారు బానెట్టు ఎత్తి ఆ ఫ్యూజు ఉన్నదా, ఇనుపగోడ రంధ్రములో రబ్బరు ఉన్నదా అని చూచిన చాలును. రెండునిమిషముల పని.

చిన్న ఫ్యూజులకు రంగులే అంకెలు: 10 ఆంపియర్లది ఎఱుపు, 15 నీలము, 20 పసుపు, 30 ఆకుపచ్చ. పోయిన 20 స్థానమున 30 పెట్టుట, తగరపు కాగితము చుట్టుట, రాగిపోగు కట్టుట — ఇవి రోగి నోరు మూసి రోగము కుదిరినదనుట వంటివి.

ఫ్యూజు ఎప్పుడు పోవుచున్నదో గమనించినచో దోషస్థానము సగము తెలియును. రిమోటుతీగ తీసివేసినను, క్రొత్త ఫ్యూజు పెట్టగనే పోయినచో, తీగ ఎక్కడనో దేహమును తాకుచుండవలెను. లేదా పెట్టెలోపలి భాగము కాలియుండవలెను. ఎఱ్ఱతీగను పెట్టెనుండి విప్పి, కొనకు టేపు చుట్టి, మరల ఫ్యూజు పెట్టుడు. ఇప్పుడును పోయినచో దోషము తీగది, నిలిచినచో పెట్టెది. బ్యాటరీ మార్చినప్పుడో, వేఱొక బండి నుండి స్టార్టు ఇచ్చినప్పుడో ధ్రువములు తారుమారైనచో, పెట్టె ముఖద్వారమున కావలియున్న డయోడు తాను కాలి ఇట్టి చిహ్నమును చూపుట కలదు. ఫ్యూజు నిలిచి, రేడియో వేయగనే పోయినచో, వోల్టేజి పెంచు ట్రాన్సిస్టరులో, స్పీకరును నడుపు ట్రాన్సిస్టరులో కాలియుండును. ఇది రిపేరువాని పని. హెచ్చుధ్వనిలో మాత్రమే పోయినచో స్పీకరు వైపు చూడవలెను.

పదే పదే ఫ్యూజులు కాల్చకుండ పరీక్షించుటకు పాతకాలపు ఉపాయమొకటి ఉన్నది. ఫ్యూజు స్థానమున 12 వోల్టుల, 21 వాట్ల ఇండికేటరు బల్బును తాత్కాలికముగా తగిలింపుడు. లోపల ఎంత దోషమున్నను ఆ బల్బు రెండు ఆంపియర్లకు మించి పోనీయదు. తగిలించినంతనే బల్బు ఒక్కసారి మెఱసి ఆరినచో భయము లేదు. పెట్టెలోని కెపాసిటరులు నిండుటచేత అట్లగును. రిమోటు లేకయే బల్బు నిండుగా వెలుగుచునే యుండినచో లోపల షార్టు ఉన్నది. పదిరూపాయలో ఇరువదిరూపాయలో చేయు బల్బు పెట్టె ప్రాణమును నిలుపును.

ఎఱ్ఱదీపము వెలిగి ధ్వని రానియెడల పెట్టె తన్ను తాను రక్షించుకొనుచున్నదని అర్థము. రేడియో ఆపి, స్పీకరు తీగలన్నియు పెట్టెనుండి విప్పి, మరల వేసి చూడుడు. దీపము ఆకుపచ్చగా మాఱినచో నేరము స్పీకరుది, లేదా దాని తీగది. తలుపు బందుల వద్ద తీగలు మడతపడి తొడుగు చినుగుట సామాన్యము. విప్పిన స్పీకరును మీటరుతో కొలిచినచో నాలుగు ఓములది మూడు మూడున్నర చూపుట సహజమే. ఒక ఓములోపల చూపినది కాలినది. రెండు స్పీకరులను ఒకదానిప్రక్క నొకటి జతచేసి పెట్టెకు రెండు ఓముల భారము మోపి, పెట్టెపై ‘4 ఓములు’ అని వ్రాసియున్నను చూడకుండుట యువకులు తఱచు చేయు పని. స్పీకరులు విప్పినను ఎఱుపు పోనిచో, రేడియోనుండి వచ్చు ధ్వనితీగలను కూడ పీకి చూడవలెను. అప్పటికిని పోనిచో దోషము లోపలిదే. బళ్లారి వంటి చోట్ల మూసిన బండి వేసవి మధ్యాహ్నమున ఎంత కాగునో చెప్పనక్కఱలేదు. పెట్టెపై గుడ్డలు, సంచులు పడవేసినచో వేడికి ఆగి, చల్లారిన పిదప మరల పలుకును. అది రోగము కాదు.

ఉదయమున స్టార్టు కాని బండి విషయము రిమోటుతీగకు చెందినది. కారుతో వచ్చిన కొన్ని రేడియోలకు రిమోటుతీగ బయటకు ఉండదు. అప్పుడు పెట్టువాడు తాళము తీసినను విద్యుత్తుండు తీగకు దానిని కలిపినచో, రాత్రియంతయు పెట్టె మేలుకొనియే యుండును. అది ఊరక ఒక ఆంపియరు లాగినను, చిన్న కారులలో నుండు 35 ఆంపియరు గంటల బ్యాటరీ లెక్కప్రకారము ఒకటిన్నర దినములో ఖాళీ యగును. పాత బ్యాటరీ ఒక్క రాత్రికే లొంగును. తాళము తీసి, తలుపులు మూసి, పావుగంట ఆగి, పెట్టె దీపము చూడుడు. రిమోటు మరవద్ద మీటరు సున్న చూపవలెను. చూపనిచో ఆ తీగను తాళముతో ఆరు ఫ్యూజునుండి తీసికొనవలెను.

ఇంజను వేగముతో మాఱు ఈల విషయము చెప్పి ముగింతును. ఆల్టర్నేటరు పుట్టించు అలలు ధ్వనితీగలలో చొరబడుటయే ఆ ఈల. రేడియో ఎర్తు ఒకచోట, పెట్టె ఎర్తు ఒకచోట ఉండి, రెంటినడుమ కొద్దిపాటి వోల్టేజి భేదము ఏర్పడినచో ఆ భేదము ధ్వనితీగ తొడుగు గుండ దారి చేసికొనును. మొదట పెట్టె ఎర్తును బాగుచేయుడు; పెక్కుసార్లు ఈల అంతటితో పోవును. పోనిచో ధ్వనితీగలను కారునకు ఒకవైపునను, ఎఱ్ఱతీగను రెండవవైపునను పోనిచ్చి చూడవలెను. ఇవి చేయకముందే అంగడిలో ‘ఫిల్టరు’ అని అమ్ము డబ్బాను కొనుట తొందరపాటు. హెడ్‌లైట్లు కూడ మినుకుమినుకు మనుచుండిన ఆల్టర్నేటరు లోపలి డయోడు చెడియుండవచ్చును; అది ఆటో ఎలక్ట్రీషియను చూడవలసినది.

లోపలి దోషమని తేలిన పెట్టెను రిపేరునకు ఇచ్చునప్పుడు మీరు తీసిన నాలుగు అంకెలను, ఫ్యూజు ఏ సందర్భమున పోవుచున్నదో ఆ వివరమును ఒక కాగితముపై వ్రాసి దానితో పాటు ఇండు. అతడు రిపేరుచేసి తిరిగి ఇచ్చిన పిదప, పెట్టెను బండిలో బిగించి, పాట గట్టిగా పెట్టి, అవే నాలుగు కొలతలను మరల తీసి పాత అంకెల ప్రక్కన వ్రాసికొనుడు.